విసిరితే అస్త్రం

ఆ రోజు వీరబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. గోదావరిలో వరద ఎర్రనీళ్లు దిగాయి, చేప ఎదురెక్కుతోంది, పెందలాడే రేవుకి వెళ్లి వల విసరాలి. సర్కారు చేపల వేట ఆపిన రెండు నెలలూ ఇంట్లో కూర్చుని సొంతంగా అల్లుకున్న విసురు వల. ఉన్నది అదొక్కటే. ఎర్రనీళ్లు వారం పది రోజులకు మించి ఉండవు. అంత ముఖ్యమైన వలని అతను అడవిపొలం ఊరి నుంచి వచ్చిన ఆటోలోనే మరచిపోయి దిగాడు.

ఆటో అతను మంచివాడు, వలని రేవు ఔట్‌పోస్టులో అప్పగించి వెళ్లాడు. వీరబాబు వెళ్లేసరికి అది కిటికీకి వేలాడుతూ కనిపించింది కూడా. వల నాదేనని ఒక అర్జీ రాసి తెచ్చుకోమంది కానిస్టేబుల్ షారోన్. అక్కడే నాలుగు ముక్కలు గీకి ఇచ్చేస్తే పోయేది. వీరబాబుకి రాత అంటే భయం, పైగా కనకాలపేటలో ఉమామహేశ్వరం మాస్టారు ఉన్నారాయె.

ఆయన రిటైరయిన తెలుగు మాస్టారు. విసురు వల అనగానే మొహం చిట్లించారు. అర్జీలో అలాంటి మాట రాస్తే తన పరువు పోతుందన్నారు.

"చేత్తో పట్టుకుని కొట్టేది శస్త్రం. విసిరేది అస్త్రం. నువ్వు విసురుతావా లేదా?"

"విసురుతానండి."

"అయితే అస్త్రమే."

తన జలక్షేపణాస్త్రాన్ని తనకు ఇప్పించవలసిందని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, వీరబాబు చేత సంతకం పెట్టించారు.

గోదావరి ఒడ్డునే ఉన్నా ఈ రేవు మీద పాలన పుదుచ్చేరిది; ఔట్‌పోస్టు అధికారి అక్కడి నుంచి బదిలీ మీద వచ్చి వారమైంది. తెలుగు వింటే కొంత అర్థమవుతుంది, చదవడం రాదు. కాగితాన్ని ఫోనుతో ఫొటో తీశాడు. ఫోను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, నీటి మీద నుంచి ప్రయోగించే మిసైల్ అని చూపించింది. అది వలేనని షారోన్ ఎంత చెప్పినా ఆయన వినలేదు. కాగితానికి నంబరు పడిపోయింది, అర్జీ రాసినాయనే ఇది మిసైల్ కాదని మళ్లీ రాసివ్వాలన్నాడు.

వీరబాబు మిట్టమధ్యాహ్నం ఎండలో మళ్లీ కనకాలపేట పరిగెత్తాడు. మాస్టారి కాళ్ల మీద పడినంత పని చేశాడు. ఆయన కొత్త కాగితం ముందుకు లాక్కున్నారు.

"వల విసిరాక తాడేం చేస్తావు?"

"మణికట్టుకి కట్టుకునే ఉంటానండి."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "చెయ్యి వదలనిది అస్త్రమెలా అవుతుందయ్యా? పొరపాటు నాదే."

మాస్టారు పొరపాటు ఒప్పుకోవడం వీరబాబు ఎన్నడూ చూడలేదు. కళ్లనీళ్లు తిరిగాయి. దణ్ణం పెట్టి, కొత్త కాగితం మడత విప్పకుండా తీసుకెళ్లి అధికారి చేతిలో పెట్టాడు. ఇది అస్త్రం కాదనీ, నిస్సందేహంగా శస్త్రమేననీ అందులో ఉంది.

అధికారి మళ్లీ ఫొటో తీశాడు. చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"మిసైల్ అంటే నేను నమ్మలే. ఇది నమ్ముతా. చేతి ఆయుధం. లైసెన్స్ ఉందా?"

షారోన్ తల పట్టుకుంది. పరీక్ష కోసం వలని పుదుచ్చేరి పంపాలనీ, నెల పడుతుందనీ తేల్చాడు అధికారి. ఎర్రనీళ్లు నెల ఆగవు. అతను గట్టు మీద కూలబడి, మిగతావాళ్లు వలలు విసురుతుంటే చూస్తూ ఉండిపోయాడు. ఈ ఏటికి తన బతుకు ఇంతే అనుకున్నాడు.

సాయంత్రం మాస్టారు షికారుగా అటు వచ్చి, తన వివరణ వాళ్లకి ఎక్కిందా అని అడిగారు.

"బాగా ఎక్కిందండి," అన్నాడు వీరబాబు. "వల కూడా జీపెక్కింది."