గొడుగాయన ఉండగా మనకేం భయం

ఎవరూ చూసుకోని వస్తువే కలకాలం మన్నుతుంది. ఈ మాట నేను గాల్లోంచి తీసి చెప్పడం లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడర్‌గా ఏళ్ళ తరబడి కుర్చీ అరగదీసిన అనుభవంతో చెబుతున్నాను. నమ్మకపోతే మీ ఫోన్ తీసి చూసుకోండి. అందులో సగం సరుకు, ముక్కూ మొహం తెలియనివాళ్ళెవరో రాసి, "కావలసినవాళ్ళు వాడుకోండి బాబూ" అని నలుగురి మధ్యా పెట్టేసిందే. దాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. అంటే అందరిదీ అని. అందరిదీ అంటే ఏమిటి? మనం చూసుకోనక్కర్లేదని!

ఇంతకంటే వరం ఏముంటుంది చెప్పండి? ఇంట్లో కుళాయి కారితే ప్లంబర్ని మనమే బతిమాలుకోవాలి. అదే ఓపెన్ సోర్స్‌లో ఏదన్నా పాడైతే, ఎక్కడో ఎవరో అన్నం కూడా మానుకుని కూర్చుని బాగుచేస్తారు. మనం పడవలసిన కష్టమల్లా ఒక్కటే. "ఇంకా కాలేదా?" అని అడగడం. అది కూడా మర్యాదగా అడగాలని నియమం ఏమీ లేదు.

మా కంపెనీ సంగతే తీసుకోండి. మేం ఆసుపత్రులకి అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతాం. అపాయింట్‌మెంట్ అంటే తేదీ. మనుషులు తేదీలు రాసే తీరు మీకు తెలిసిందేగా? ఒకాయన రోజు ముందు రాస్తాడు, ఒకాయన నెల ముందు రాస్తాడు, ఇంకొకావిడ "వచ్చే బుధవారం" అని ఊరుకుంటుంది. వీటన్నిటినీ మింగి, అరిగించుకుని, కంప్యూటర్‌కి అర్థమయ్యే తేదీగా బయటికిచ్చే చిన్న ప్రోగ్రాం ఒకటుంది. మా ఆఫీసులో దాన్ని తేదీల పెట్టె అంటారు. అది మేం రాసింది కాదు, కొన్నదీ కాదు. నెట్‌లో ఉంటే తెచ్చి పెట్టుకున్నాం. మేమే కాదు, రైలు టిక్కెట్లవాళ్ళూ, బ్యాంకులవాళ్ళూ, మమ్మల్ని చూస్తే పళ్ళు నూరే పోటీ కంపెనీవాళ్ళూ, అందరం దానిమీదే బతుకుతున్నాం.

ఆ పెట్టెని చూసుకునే మనిషికి నెట్‌లో పేరు లేదు, ఫొటో లేదు. ఒక గొడుగు బొమ్మ ఉంటుందంతే. అందుకని మా ఆఫీసులో అందరూ గొడుగాయన అంటారు. "గొడుగాయన కొత్త వెర్షన్ వదిలాడా?" "గొడుగాయనకి ఈమధ్య బద్ధకం ఎక్కువైంది." ఎప్పుడైనా మీటింగులో ఎవరైనా నీరుగారిపోతే మా డైరెక్టరుగారు వాళ్ళ భుజం తట్టి, "గొడుగాయన ఉండగా మనకేం భయం?" అంటారు.

గొడుగాయన మా వదిన.

సొంత అన్నయ్య భార్య. మా పైవాటాలోనే ఉంటుంది. ఒకప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పేది. అక్కడి కంప్యూటరు పరీక్షల తేదీలు తారుమారు చేసేసరికి, పిల్లలు ఒక పరీక్షకి చదువుకొచ్చి ఇంకో పరీక్షకి కూర్చోవలసి వచ్చిందట. ఒళ్ళు మండి, సెలవుల్లో ఆ పెట్టె రాసింది. పదిమందికీ పనికొస్తుందని నెట్‌లో పెట్టింది. పదిమంది కాస్తా ప్రపంచమంత అయ్యారు.

ఈ సంగతి ఆఫీసులో ఎందుకు చెప్పలేదంటారా? చెబితే అయినదానికీ కానిదానికీ "మీ వదినగారిని అడగండి" అని నా ప్రాణం తియ్యరూ? అందుకని నోరు కుట్టేసుకున్నాను. మెట్లమీద ఎదురైనప్పుడు మాత్రం, "వదినా, ఆ ఫిబ్రవరి సంగతి ఏం చేశారు?" అని ఓ మాట చెవినవేస్తుండేవాణ్ణి. ఎన్ని రోజులో ఏటికో లెక్క కాబట్టి ఫిబ్రవరి ఎప్పుడూ పేచీ నెలే.

పాఠకులారా, మా కంపెనీ పనితనం మీద మీకు తేలిక అభిప్రాయం కలిగితే అది నా తప్పవుతుంది. పెట్టెలో తప్పు కనబడితే మేం చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. మా ఇంజినీర్లు గట్టిపిండాలు. మా దగ్గరున్న కాపీలో ఆ తప్పుని శుభ్రంగా దిద్దేస్తారు. మరి ఆ దిద్దుబాటు గొడుగాయనకి పంపిస్తామా? ఎంత మాట! మా లాయరుగారు వినలేదు కాబట్టి సరిపోయింది. "మన మనుషులు మన కుర్చీల్లో కూర్చుని రాసింది మన ఆస్తి. గడప దాటడానికి వీల్లేదు" అంటారాయన. నిజమే కదా. ఆవిడ రాసిందంతా అందరి ఆస్తి, కాబట్టి మనదే. మనం రాసిన నాలుగు లైన్లు మన ఆస్తి, కాబట్టి అదీ మనదే. న్యాయశాస్త్రం లోతు అలాంటిది.

కొన్నాళ్ళకి వదిన కొత్త వెర్షన్ వదులుతుంది. అది తెచ్చిపెట్టుకోగానే మా దిద్దుబాటు కొట్టుకుపోయి, పాత తప్పు మళ్ళీ ఒళ్ళు విరుచుకుని లేస్తుంది. మళ్ళీ దిద్దుతాం. మళ్ళీ దాచుకుంటాం. పోటీ కంపెనీలోనూ ఇదే తంతు, వాళ్ళకి మాత్రం లాయరు ఉండడా? ఒకే బిందెకి పడిన ఒకే చిల్లుకి, ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుని, ఎవరికివాళ్ళం మాట్లు వేసుకుంటున్నాం. ఎంతమందికి ఉపాధి! చివరికి ఎవరికో విసుగు పుట్టి వదినకే ఫిర్యాదు రాస్తారు. "ఈ తప్పు చాలా కాలంగా ఉంది. మీకు బాధ్యత లేదా?"

ఆ ఫిర్యాదులు ఎలా ఉంటాయో పైవాటాలో టీ తాగుతూ వదిన భుజం మీంచి నేనే చూశాను. ఒకాయన "మా టిక్కెట్లు ఆగిపోయాయి, సాయంత్రంలోగా బాగుచెయ్యాలి" అని హుకుం జారీ చేశాడు. దానికింద ఇంకొకాయన "నాకూ" అని రాశాడు. ఆయన కింద మరొకాయన "నాకూ". అలా తెర కిందికి జరిపినకొద్దీ నాకూ, నాకూ, నాకూ. ఒక్కరు కూడా "నేనూ ఓ చెయ్యి వేస్తాను, ఏం చెయ్యమంటారు?" అనలేదు. మర్యాదస్తులు. ఆవిడ పనిలో వేలు పెట్టడం ఎందుకని ఊరుకుని ఉంటారు.

ఇంతలో వదినకి కుడిచేతి మణికట్టు పట్టేసింది. బొటనవేలి దాకా వాచింది. చేతికి పట్టీ కట్టుకుని ఎడంచేత్తో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ కూర్చునేది. అన్నయ్యకి కళ్ళజోళ్ళ దుకాణం. కొట్టు కట్టేసి ఇంటికొచ్చి, "డాక్టరు ముట్టుకోవద్దన్నాడా లేదా? తగలెయ్యి ఆ పెట్టెని" అని రోజూ ఒకే పాట పాడేవాడు. అన్నట్టు, ఆ డాక్టరు దగ్గర వదినకి అపాయింట్‌మెంట్ దొరికింది మా సాఫ్ట్‌వేర్ ద్వారానే. తేదీ కూడా తప్పు పడలేదు. ఆ మేరకి ఆవిడ మాకు రుణపడి ఉంది.

మెట్లమీద ఎదురైనప్పుడు ఆ పట్టీ చూశాను. మనిషిని కాబట్టి మనసు చివుక్కుమంది. చివుక్కుమన్నాక, "వదినా, ఫిబ్రవరి ఇంకా సర్దుకోలేదు" అన్నాను. పని పనే కదా.

తర్వాతి వారం గొడుగు బొమ్మ పక్కన ఒక ప్రకటన వచ్చింది. "నా చెయ్యి పనిచెయ్యడం లేదు. ఎవరైనా వచ్చి పట్టుకోండి. ఎవరూ రాకపోతే ఆపేస్తాను."

ఆఫీసంతా గగ్గోలు. "గొడుగాయన అలిగాడు" అన్నారు. డైరెక్టరుగారు మీటింగు పెట్టారు. అలిగిన మనిషిని ప్రసన్నం చేసుకునే మార్గాలు చర్చించి, తర్జనభర్జనలు పడి, కంపెనీ బొమ్మ వేసిన కాఫీ కప్పు ఒకటి పంపాలని తేల్చారు. మరి ఎక్కడికి పంపాలి? అడ్రసు ఎవరికీ తెలీదు. ఇక దాచి లాభం లేదని, "గొడుగాయన మా వదినండీ" అన్నాను.

"ఆయన ఆడమనిషా?" అన్నారు డైరెక్టరుగారు. అంతలోనే తేరుకుని, "ఇంకేం మరి, ఇంట్లో మనిషే. కప్పు మీరే పట్టుకెళ్ళండి, కొరియర్ ఖర్చు కూడా ఉండదు" అన్నారు.

పట్టుకెళ్ళాను. వదిన దాన్ని ఎడంచేత్తో అందుకుని, అటూ ఇటూ తిప్పి బల్లమీద పెట్టింది. "ఏం మరిదిగారూ, నేను కప్పు అడిగానా?" అంది. నాతో మాట్లాడేటప్పుడు ఆవిడ 'గారు' అందంటే మూడినట్టే.

"మరేం కావాలి వదినా?"

"మీరు దిద్దుకుని దాచుకున్నవన్నీ ఇలా పడెయ్యండి. అవే తప్పులు నేను మళ్ళీ మొదట్నించీ వెతుక్కుంటూ చస్తున్నాను. మీ వాళ్ళలో ఒకళ్ళని వారానికి ఒక్క పూట నా పక్కన కూర్చోబెట్టండి. వాడుకునేవాళ్ళందరూ తలా ఓ పూట ఇస్తే నేను ఈ చెయ్యి కాస్త కిందికి దించుకుంటాను. అందరిదీ అందరిదీ అంటారుగా? నేనొక్కదాన్నే మోస్తుంటే అది అందరిదెలా అవుతుందయ్యా?"

మర్నాడు ఆ మాటలే ఆఫీసులో అప్పజెప్పాను. లాయరుగారు పెదవి విరిచారు. "పూట ఎవరిది? మనది. అదీ ఆస్తే" అన్నారు. డైరెక్టరుగారిది మాత్రం దూరదృష్టి. ఒకరి మీద ఆధారపడటం ఏమిటి, మన పెట్టె మనమే రాసుకుందాం అన్నారు. ఒక మనిషిని ఒక పూట ఇవ్వడానికి కుదరని కంపెనీ, సగం ఫ్లోరుని ఆ పనిమీద కూర్చోబెట్టింది. అన్నీ మానుకుని ఓ ఋతువంతా రాశాం. మా సొంత పెట్టె పనిలోకి దిగిన మొదటిరోజే ఒక కంటి ఆసుపత్రిలో పేషెంట్లందరికీ ఒకే ఉదయం, ఒకే గంటకి రమ్మని తేదీ ఇచ్చింది. కళ్ళు సరిగా ఆననివాళ్ళు వరండా పొడుగునా గోడలు తడుముకుంటూ, ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటూ మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. అందులో ఒకావిడ రిసెప్షన్ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "నా వంతు అయిపోయిందా తల్లీ?" అని అడుగుతూనే ఉందట. ఆ సాయంత్రమే గుట్టుచప్పుడు కాకుండా వదిన పెట్టెనే మళ్ళీ తెచ్చి పెట్టుకున్నాం.

ఈలోగా, పాఠకులారా, నా సిద్ధాంతం గెలిచింది. నెట్‌లో ఒకతను ప్రత్యక్షమయ్యాడు. అతనికి గొడుగు కూడా లేదు, బొమ్మ ఉండాల్సినచోట ఖాళీ గుండ్రం. వదినకి అతను రాసిన మొదటి మాట, "మీ చెయ్యి ఎలా ఉందండీ?" ఆ తర్వాత ఒక్కొక్క ఫిర్యాదే తీసుకుని ఓపిగ్గా తీర్చడం మొదలుపెట్టాడు. ఫిబ్రవరి కుదుటపడింది. "నాకూ"లన్నీ సద్దుమణిగాయి. కొన్నాళ్ళు చూసి వదిన పెట్టె తాళాలు అతనికి అప్పగించింది. తాళాలంటే ఇక ఆ పెట్టెలో ఏం పెట్టాలన్నా, ఏం తియ్యాలన్నా అతనిష్టమే.

"చూశారా? మనం వేలు కూడా కదపకుండానే మనిషి దొరికాడు" అని డైరెక్టరుగారు అందరికీ కేకు కోయించారు. నేను ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నది ఆ కేకు తిన్న చేత్తోనే.

సగం రాశానో లేదో లాయరుగారికి ఓ ధర్మసందేహం కలిగింది. "ఇంతకీ ఎవరతను?" అన్నారు. ఏ ఊరు? ఏం చేస్తుంటాడు? ఎవరికీ తెలీదు. ఆసుపత్రికి వచ్చిన ప్రతి మనిషి వివరం ఆ పెట్టె ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. తాళాలున్నవాడికి దుర్బుద్ధి పుడితే, దాంట్లో ఓ దొంగ లైను ఇరికించి ఎవరికి ఏ జబ్బో తోడుకుపోవచ్చు. డైరెక్టరుగారి మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. నన్ను పైవాటాకి తరిమారు.

"వదినా, తాళాలు ఎవరికిచ్చారో అసలు తెలుసా మీకు?"

"తెలీదు" అంది.

"తెలీకుండా ఎలా ఇచ్చేశారు?"

"నేనెవరో మీ వాళ్ళకి తెలుసా ఇన్నేళ్ళూ? తెలీకుండానేగా ఆసుపత్రులన్నీ తెచ్చి నా చేతిలో పెట్టారు." కాసేపు పట్టీ విప్పి చుట్టుకుంది. "మంచివాడో దొంగో నేనూ చెప్పలేను. నాకూ భయంగానే ఉంది. పక్కన ఇంకో మనిషి ఉండి చూసుకుంటే తెలుస్తుంది. ఆ ఒక్క మనిషినే కదా మిమ్మల్ని అడిగింది?"

ఆ మాట కూడా మోసుకెళ్ళి ఆఫీసులో అప్పజెప్పాను. లాయరుగారు పూట ఎవరిదని మళ్ళీ అడిగారు. అందుకని మనిషిని పంపే మాట వదిలేసి అందరం తెర చుట్టూ మూగాం. కొత్త వెర్షన్ వచ్చి ఉంది, వదిన చేతిది కాదు, అతని చేతిది. "దీన్ని మీరు నమ్ముతున్నారా?" అని అడిగింది కంప్యూటర్. ఎప్పుడూ నొక్కినట్టే "అవును" నొక్కాం.

ఆ తర్వాత నాకెందుకో కుర్చీలో కుదురు లేదు. ఎంతయినా ఇంటిమనిషి. ఫోన్ తీసి వదినకి మెసేజ్ పెట్టాను. "వదినా, చెయ్యి ఎలా ఉంది?"

జవాబు వెంటనే వచ్చింది, ఎడంచేత్తోనే కొట్టి ఉంటుంది.

"ఏం పాడైంది మరిదిగారూ?"