దవడ ఎముక పురోగతి నివేదిక

పంటిలోంచి ఎముక పుట్టించే కార్యక్రమం మా ప్రయోగశాలలో దిగ్విజయంగా సాగుతున్నదని ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. తొమ్మిదేళ్లలో పుట్టిన ఎముకనంతా పోగుచేసినా చీమకు ఒక పన్ను కట్టడానికి చాలకపోవచ్చు. అయితే దాని మీద పుట్టిన కాగితాలు పోగుపడి బీరువా తలుపు పడటం లేదు. కనుక పురోగతి లేదనడానికి వీల్లేదు.

విషయం తెలియనివారి కోసం రెండు ముక్కలు. పీకి పారేసే జ్ఞానదంతం లోపల మెత్తటి గుజ్జు ఉంటుంది, అందులో మూలకణాలుంటాయి. అవి ఇంకా ఏమీ కాలేదు, ఏమైనా కాగలవు. ఈ లక్షణం వల్లనే వాటికీ నాకూ తొలిరోజే స్నేహం కుదిరింది. కణం పొరలోని తలుపులు తెరుచుకుని కాల్షియం అలలు అలలుగా లోపలికి వెళితే, ఇక నువ్వు ఎముక కావాలన్న కబురు దానికి అందుతుంది. అల వేళకు వస్తే కణం పనిలోకి దిగుతుంది. అదేపనిగా కుమ్మరిస్తే చచ్చి ఊరుకుంటుంది. తగినంత వేస్తే మంచిది, ఎక్కువైతే చెడుతుంది అన్న ఈ సత్యం ఉప్పు విషయంలో వంట చేసే ప్రతివారికీ తెలుసు. వారికి డాక్టరేటు రాలేదు, నాకు వచ్చింది.

ఎముక పదార్థం ఏర్పడిందో లేదో ఒక రంగు వేసి చూస్తాం. ఏర్పడిన చోట ఎర్రబడుతుంది. నాలుగేళ్ల కిందట ఒక గాజు పళ్లెం నిజంగానే ఎర్రబడింది. ఆ ఫొటోను నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా ఇప్పటికి పదకొండు సభల్లో చూపించాను. అంతటితో ఆగక ఇంట్లో హాల్లో కూడా తగిలించాను.

దాన్ని మా అత్తగారు చూశారు. ఆవిడ కింది దవడ ఎముక అరిగిపోయి కట్టుడు పళ్లు నిలవడం లేదు. ఎముక ఇంకా కాస్త ఉండగానే స్క్రూలు బిగించి పళ్లు పెట్టేస్తానని పళ్ల డాక్టరు చెబితే, "స్క్రూలెందుకండీ? మా అల్లుడుగారు ఎముకే పెంచుతున్నారు" అని లేచి వచ్చేశారు. నేను కాదనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో నావల్ల ఒక ఉపయోగం ఉందని ఆవిడ ఒప్పుకోవడం అదే మొదలు. అప్పటినుంచి మూడేళ్లుగా ఆవిడ మిక్సీలో వేసిందే తింటున్నారు.

మొన్న డాక్టరు నాకు ఫోన్ చేశారు. "కొత్త ఎక్స్‌రే చూశానండీ. ఈ నెల దాటితే స్క్రూ పట్టడానికి కూడా ఎముక మిగలదు. మీరు చెబితేనే వింటారావిడ." ఆదివారం చెప్పేద్దామని గట్టిగా నిర్ణయించుకున్నాను. శనివారం మా సంస్థవారు నాకు సన్మానం పెట్టారు.

"ఈయన కణాలతో మాట్లాడతారు! కణాలు ఈయన మాట వింటాయి! మానవాళి దవడ ఈయన చేతుల్లో ఉంది!" అని డైరెక్టరుగారు ప్రసంగించారు. ముందు వరుసలో కూర్చున్న మా అత్తగారి దవడ గర్వంగా ఆడింది. అది చూసి ఆయన మైకు తీసుకెళ్లి ఆవిడకే ఇచ్చారు.

"డాక్టరు స్క్రూలు వేస్తానన్నా వద్దన్నానండీ. మా అల్లుడుగారి మీద నాకంత నమ్మకం," అన్నారావిడ.

హాలు దద్దరిల్లింది. "మరి ఎప్పటికి పూర్తవుతుందండీ?" అంటూ డైరెక్టరుగారు మైకు నా నోటి దగ్గర పెట్టారు.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక కదలాలన్నా కండరంలోకి కాల్షియం అల రావాలి. అల వేళకే వచ్చింది, నాలుక చక్కగా కదిలింది.

"త్వరలోనే," అన్నాను.

మూడు వందల మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో అత్తగారు కట్టుడు పళ్లు తీసి చేతిరుమాలులో చుట్టుకున్నారు. బోసినోటితో నవ్వుతూ, "ముందుగా ఏం కొరకమంటారు బాబూ?" అని అడిగారు. ఇప్పుడైనా చెప్పరా వెధవా అని నన్ను నేనే తిట్టుకున్నాను. సన్మానంలో ఇచ్చిన జ్ఞాపిక ఒళ్లో బరువుగా ఉంది.

"జామకాయ, అత్తయ్యగారూ," అన్నాను.

"మరీ పండింది వద్దు. దోరది చూసి తెండి," అన్నారావిడ.

మీరైతే ఆ టాక్సీలోనే నిజం చెప్పేసేవారు, నాకు తెలుసు. అందుకే మిమ్మల్ని ఇంతవరకూ ఎవరూ సన్మానించలేదు.