గోవాకు మూడు దారులు, మూడు మొక్కులు

ఇచ్చోడ బాలకిషన్‌రావుకు సముద్రం చూడాలన్న కోరిక పుట్టింది. దానికి కవలగా, పెళ్లాం బిడ్డ లేకుండా చూడాలన్న కోరికా పుట్టింది.

దోస్తులతో గోవా పోవడానికి గుట్టుగా ఏర్పాట్లు మొదలుపెట్టాడు. వాళ్లలో నిర్మల్ దాటి ఎన్నడూ పోని లక్ష్మీరాజమే దారులు చెప్పే పెద్దమనిషి. గుట్టు ఆయన నోట్లో ఎంతసేపు నిలవాలో అంతసేపే నిలిచింది.

సంగతి తెలిసి పెళ్లాం సరళాదేవి చంటివాణ్ణి చంకనేసుకొని వచ్చింది. ఆమెను బడి మాన్పించేనాటికి పుస్తకంలో సముద్రం పాఠం సగమే అయింది. మిగతా సగం మీద మనసు అట్లాగే ఉండిపోయింది.

"మేం గూడ వస్తం."

"ఎట్ల వస్తరు? రైలంటే మూడు జాగల బండి మారాలె. ఆ గుంపుల పిల్లగాడు తప్పిపోతే ఏడ దేవులాడుదం?"

సరళ చంకలోని పిల్లవాణ్ణి ఒకసారి తడిమి చూసుకుంది. "వేములాడ రాజన్నా, మా ఆయన రైలుల సల్లంగ పోయొస్తే నీకు తలనీలాలిస్తడు."

"ఎవరు?"

"మీరే. పోయేది మీరు గద."

బాలకిషన్‌రావు, ఉన్న నాలుగు వెంట్రుకల్నీ తలంతటికీ సర్ది దువ్వుకునే మనిషి. మాట మార్చాడు. "బస్సంటే ఇంకా పరేషాన్. ఒకదిక్కు గుట్ట, ఒకదిక్కు లోయ."

"రాజన్నా, బస్సుల పోతే కోడెను గడుతం. ఆయనే తాడు వట్టుకొని గుడి సుట్టు తిరుగుతడు."

పెరట్లో దూడ తల ఎగరేస్తేనే అరుగెక్కే మనిషికి చెమట పట్టింది. అయినా నోరు ఊరుకోలేదు. "బొంబాయి కెళ్లి స్టీమరుంది గానీ, మునిగితే..."

"సమ్మక్క తల్లీ, ఆయన నిలువెత్తు బంగారం నీకు."

సమ్మక్కకు బంగారమంటే బెల్లమే. కానీ ఆయన తూకానికి సరిపడా బెల్లమంటే ఆదిలాబాద్ అంగళ్లు ఖాళీ కావాలి.

"మొక్కులు తీర్చినంకనే ఊరు దాటాలె," అంది సరళ. "ముందుగాల ఇస్తే దేవునికి యాదికుంటది."

తెల్లారి బాలకిషన్‌రావు గొంతు మెత్తబడింది. "జర అడిగి సూసిన. స్టీమరు ఊయల లెక్కనేనట. పసిపిల్లలు గూడ పంటరట."

"మరి ఘాట్ రోడ్డు?"

"మన వాకిలంత ఎడల్పు."

"రైలు?"

"పిల్లలున్నోళ్లకు అందరు లేసి జాగ ఇస్తరు."

సరళకు నిజంగానే ప్రాణం లేచి వచ్చింది. "ఇగ ఫికరేముంది? మేం గూడ వస్తం."

బాలకిషన్‌రావు లెక్క వేసుకున్నాడు. భయముందంటే కోడె, లేదంటే పెళ్లాం.

"రా," అన్నాడు.

"పోయేది ఒక్క దారే గద, ఒక్క మొక్కు తీర్చినా సాలు. ఏ దారిల పోదాం?"

ఆయన కోడెను తలచుకున్నాడు. బెల్లాన్ని తలచుకున్నాడు. తల నిమురుకుంటూ, "రైలు," అన్నాడు.

గోవా ఒడ్డున గాలికి అందరి జుట్టూ రేగింది. బాలకిషన్‌రావుకు ఆ ఇబ్బంది లేదు. భుజాల మీది కొడుకు నున్నటి గుండు మీద దరువేస్తున్నాడు. సరళాదేవి పాదాలు తడుపుకుంటూ, మిగిలిన సగం పాఠాన్ని కళ్లారా చూస్తోంది.

కాసేపటికి ఆమెకు మళ్లీ గుబులు పుట్టింది. "ఏమండి, వాపసు ఏ దారిల పోదాం?"

బాలకిషన్‌రావు గుండు తడుముకున్నాడు.

"నువ్వు ఏ దారంటే ఆ దారే. ఏ దారిల గూడ భయం లేదు."