మంత్రిగారి మగ మొక్కలు

"ఇకనుంచి ఈ దేశంలో ప్రతి ఇంటివారూ పెరట్లో ఐదు గంజాయి మొక్కలు నిర్భయంగా పెంచుకోవచ్చు!" అని ఇంటిసాగు శాఖ మంత్రి గౌరవనీయులు లాసెల్స్ టల్లాక్‌గారు బుధవారం ఉదయం పిమెంటో గ్యాప్ మార్కెట్ ఎదుట మైకులో ప్రకటించారు.

ఆ చట్టం వచ్చి అప్పటికి పదేళ్లయింది. చట్టం రాకముందు కూడా మా కొండమీద పెంచనివాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అయినా జనం చప్పట్లు కొట్టారు. సూర్యుడు తూర్పున ఉదయించడానికి సైతం అనుమతి ఇవ్వగల నాయకుడు దొరకడం జమైకా చేసుకున్న పుణ్యమని నాకు అనిపించింది.

నేను మంత్రిగారి నియోజకవర్గం ఆఫీసులో టైపిస్టుని. పేరు కత్‌బర్ట్ ఫేసీ. పద్దెనిమిదేళ్లుగా ఆయన ప్రసంగాలు టైపు చేస్తున్నాను. కాబట్టి ఇందులో ఎక్కడైనా పొగడ్త తగ్గినట్టు కనిపిస్తే అది నా చేతకానితనమే.

ప్రసంగం చివర మంత్రిగారు తన ఇంటి వరండాలో తానే స్వయంగా ఐదు మొక్కలు పెంచి, వాటితో తినుబండారం తయారుచేసి, దేశానికి రుచి చూపిస్తానని శపథం చేశారు. ఆ చప్పట్ల మధ్యలోంచి ఒక ముసలామె చెయ్యెత్తింది.

"అయ్యా, అదంతా బానే ఉంది. మరి మా రికార్డుల సంగతేంటి?"

ఆమె మిస్ ఐవరీన్ గేల్. డెబ్బై ఏళ్లు ఉంటాయి. గిజాడాలు చేసి అమ్ముతుంది. అంచులు నొక్కిన చిన్న పిండిగిన్నెలో కొబ్బరి లౌజు పెట్టి కాలిస్తే గిజాడా. ఆమె గిజాడా తిన్నవాడు ఇంకొకరిది ముట్టడు. 1983లో మోకాళ్ల నొప్పులకని నాలుగు గంజాయి ఆకులు రమ్ము సీసాలో నానబెట్టి మంచం కింద పెట్టుకుంది. పోలీసులు సీసా పట్టుకున్నారు. పద్నాలుగు రోజులు జైల్లో ఉంది. అప్పటినుంచి ఆమె పేరు పోలీసు పుస్తకంలో ఉంది. పుస్తకంలో పేరున్నవాళ్లకు మార్కెట్లో కొట్టు లైసెన్సు రాదు. అందుకని ఇప్పటికీ తట్ట నెత్తినపెట్టుకుని రోడ్డు పక్కన నిలబడుతుంది; ఇన్‌స్పెక్టర్ కనిపిస్తే ఆ మోకాళ్లతోనే పరిగెత్తుతుంది. మా నియోజకవర్గంలో ఇలాంటివాళ్లు రెండువందల పన్నెండు మంది. పేర్లు కొట్టేస్తూ మంత్రిగారు పేరుకో సంతకం పెడితే చాలు.

"మీ ఫైలు నా టేబుల్ మీదే ఉంది తల్లీ!" అన్నారు మంత్రిగారు గుండెమీద చెయ్యి వేసుకుని.

ఆయన అబద్ధం చెప్పరు. తొమ్మిదేళ్లుగా అది ఆయన టేబుల్ మీదే ఉంది. మూడు ఎన్నికల్లో దాని గురించే వాగ్దానం చేశారు.

మొక్కలు వరండాలో ఏపుగా పెరిగాయి. మంత్రిగారు రోజూ పొద్దున్నే ఫొటోగ్రాఫర్ వచ్చేదాకా ఆగి, నీళ్లు పోసేవారు. రెండు నెలలకు అవి ఆయన భుజాల దాకా వచ్చాయి. అప్పుడు వంటకు దిగారు. మొదటిరోజు పచ్చి ఆకు తరిగి మొక్కజొన్న జావలో వేసుకుని రెండు గిన్నెలు తాగారు. ఏమీ కాలేదు. "తొలి దశ విజయవంతం" అని నాచేత ప్రకటన టైపు చేయించారు. రెండోరోజు ఆకు ముద్దచేసి బుల్లా రొట్టెలో పెట్టి కాల్చారు. కాస్త కడుపునొప్పి తప్ప ఏమీ కాలేదు. "మలిదశలో స్పష్టమైన కదలిక" అని ప్రకటించాం. మూడో దశకు మిస్ ఐవరీన్‌ని పిలిపించారు.

ఆమె ముందు వంటగది చూసింది.

"పచ్చాకు పచ్చిగా వేశారా అయ్యా? అది మేకలు తినే పద్ధతి. ముందు పొయ్యిలో సన్నని సెగన వెచ్చబెట్టాలి. తరవాత వెన్నలో నిదానంగా మగ్గనివ్వాలి. తినేటప్పుడు ఇంత ముక్క తిని, గంటన్నర నోరు మూసుకుని కూచోవాలి."

"గంటన్నరా?" అన్నారు మంత్రిగారు. ఆయన అంతసేపు ఎప్పుడూ నోరు మూసుకోలేదు.

తర్వాత ఆమె వరండాలోకి వెళ్లి మొక్కలు చూసింది. ఒక కొమ్మ వంచి, కణుపు దగ్గర వేలాడుతున్న చిన్న చిన్న గుత్తుల్ని గిల్లింది. పసుపు రంగు దుమ్ము రాలింది.

"అయ్యా, ఇవి మగవి."

"ఏది?"

"ఐదూ."

"అయితే మరీ మంచిది. గట్టిగా ఉంటాయి."

"గట్టిగా ఉంటాయి గానీ ఎందుకూ పనికిరావు. పనికొచ్చేది ఆడ మొక్క పువ్వు. పైగా ఈ దుమ్ము గాలికెగిరితే ఊళ్లో ఆడ మొక్కలన్నీ గింజ కట్టి పాడైపోతాయి. ఇవాళే కోసెయ్యండి."

"కొయ్యడమా! ఇవి పత్రికల్లో మొదటి పేజీలో పడ్డాయి మిస్ ఐవరీన్. వీటికో హోదా ఉంది."

"హోదా ఉన్నా సరే, పువ్వు పుయ్యదు."

"మా మంత్రివర్గంలో పంతొమ్మిది మందిమీ మగవాళ్లమే. పాలన ఆగిందా?"

మిస్ ఐవరీన్ వేళ్లకంటిన దుమ్ము గౌనుకి తుడుచుకుని వెళ్లిపోయింది. పెద్దలంటే గౌరవం ఉన్న మనిషి.

గాలి తన పని తాను చేసింది. మూడు వారాల్లో కొండమీద ఏ పెరట్లో చూసినా పువ్వులు గింజకట్టాయి. మా అందరిలోకీ మంచి సాగుదారు మాస్ యూస్టస్ ఒక పువ్వు పట్టుకుని ఆఫీసుకు వచ్చి నా టైపు మిషను మీద దులిపాడు.

"ఫేసీ, చూడవయ్యా! ఇది పువ్వా, ఆవాల పొట్లమా? మీ మంత్రి ఏం చేశాడో తెలుసా? కొండ మొత్తానికీ కడుపు చేశాడు!"

నేను ఆ ఫిర్యాదు ఉన్నదున్నట్టు మంత్రిగారికి అందించాను. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. తెరిచి, "రాసుకో" అన్నారు. దేశంలో విత్తన స్వయంసమృద్ధి సాధించిన తొలి నియోజకవర్గం మాదేనని మర్నాడు పత్రికల్లో వచ్చింది.

రుచి చూపే సభ శనివారం పదకొండు గంటలకు కమ్యూనిటీ హాల్లో పెట్టారు. మంత్రిగారి మొక్కల ఆకు ఒక బస్తాడు మిస్ ఐవరీన్ ఇంటికి పంపించాం. నలభై గిజాడాలు వచ్చాయి. కొబ్బరి లేత ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. వేదికమీద జిల్లా కమిషనరు, ఆరోగ్యాధికారి, మార్కెట్ బోర్డు చైర్‌పర్సన్, ఇంకా పదిమంది పెద్దలు. గింజకట్టిన పువ్వులతో నిరసన తెలపడానికి వచ్చిన ప్రతిపక్షం నాయకుడు మిస్టర్ ఓర్విల్ ప్రింగిల్‌కి కూడా ఒకటి ఇచ్చారు. అది ప్రజాస్వామ్యం.

"సగం తిని గంటన్నర ఆగండి" అంది మిస్ ఐవరీన్.

మంత్రిగారు రెండు తిన్నారు. ఆరో నిమిషంలో నా చెయ్యి పట్టుకున్నారు.

"ఫేసీ... వస్తోంది."

"ఏమిటి సార్?"

"అదే. మోకాళ్లలోంచి పైకి వస్తోంది."

ఆయన ఇలా అన్నారో లేదో, ఆరోగ్యాధికారి బూట్లు విప్పేసి నేల తనతో మాట్లాడుతోందన్నారు. చైర్‌పర్సన్ తన కుర్చీని చూసి నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. కమిషనరు గొంతు విప్పి చిన్నప్పటి చర్చి పాట అందుకున్నారు. మిస్టర్ ప్రింగిల్ కన్నీళ్లతో మంత్రిగారిని కౌగిలించుకుని, "అన్నా, పోయినసారి నీమీద వేసిన కరపత్రం నేనే రాశాను" అన్నాడు. "తెలుసు తమ్ముడూ. అచ్చు వేయించింది మా వాళ్లే" అన్నారు మంత్రిగారు. ఇద్దరూ కలిసి అడుగులు వేశారు. పెద్దమనుషులు ఆడుతుంటే ఊరుకోవడం మర్యాద కాదు గనక హాలంతా ఆడింది.

ఆ ఊపులో మంత్రిగారి చూపు మిస్ ఐవరీన్ మీద పడింది. ఖాళీ తట్ట చంకన పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఫేసీ! ఆ ఫైలు పట్టుకురా! ఈ తల్లిని నలభై ఏళ్లు నిలబెట్టామురా మనం!"

నేను పరిగెత్తి తెచ్చాను. ఆయన అక్కడే, పెట్రోమాక్స్ పెట్టె మీద కాగితాలు పరిచి, రెండువందల పన్నెండు పేర్లకీ ఒక్కొక్కదానికి సంతకం పెట్టారు. ప్రతి సంతకానికీ ముక్కు ఎగబీల్చారు. నేను ముద్ర కొట్టాను. తన పేరు మీద ముద్ర పడినప్పుడు మిస్ ఐవరీన్ దగ్గరికొచ్చి, వేలితో సిరా తడి ఉందో లేదో చూసుకుంది. నా సర్వీసులో నేను చూసిన గొప్ప సభ అది.

ఆదివారం పొద్దున్నే మంత్రిగారు నన్ను పిలిపించారు. మొహం పాలిపోయి ఉంది.

"ఫేసీ, నిన్న నేను ఎన్ని సంతకాలు పెట్టాను?"

"అన్నీ పెట్టేశారు సార్."

"అన్నీనా! ఇప్పుడే ఇచ్చేస్తే వచ్చే ఎన్నికల్లో ఏం ఇస్తాం?"

ఆ ముందుచూపు నాకు లేదని ఒప్పుకుంటున్నాను. సోమవారం మా ప్రకటన వెలువడింది. మంత్రిగారు మత్తులో ఉండగా పెట్టిన సంతకాలు చెల్లవు. రుజువు కోసం మిగిలిన గిజాడాలను కింగ్‌స్టన్‌లో ఒక ల్యాబుకు పంపాం.

ల్యాబు రిపోర్టు శుక్రవారం వచ్చింది. కొబ్బరి, బెల్లం, అల్లం, జాజికాయ, కలలూ ఆకు రసం. గంజాయి లేదు. కలలూ అంటే వేరే ఏదో కాదు, తోటకూర.

నేను మిస్ ఐవరీన్ ఇంటికి వెళ్లాను. "ఏమ్మా, మంత్రిగారి ఆకు ఏం చేశావు?"

"ఆ గడ్డి వేస్తే నా గిజాడాకి చెడ్డపేరు రాదా నాయనా? కోళ్ల గూట్లో పరిచాను. బాగా పడుకుంటున్నాయి. రంగు కోసం తోటకూర పిండాను."

"మరి అంతమంది పెద్దలు అలా ఎందుకు ఊగారు?"

"అదే నాకూ తెలీదు. అడుగుదామంటే అందరూ డ్యాన్సులో ఉన్నారు." తర్వాత కాస్త గొంతు తగ్గించి అడిగింది. "అయితే ఫేసీ, మంత్రిగారు తెలివిలో ఉండే పెట్టినట్టేగా సంతకం? లైసెన్సు వస్తుందా?"

వస్తుందనే చెప్పాను. నాకు తోచిన లెక్క కూడా అదే. ఆమె ఆ మధ్యాహ్నమే మార్కెట్లో మూలకొట్టు చూసి వచ్చిందట. తలుపుకి నీలం రంగు వేయిద్దామని అనుకుందట.

మంత్రిగారు మాత్రం లెక్కలు తెలిసినవారు. ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు: కమిషనరు, ఆరోగ్యాధికారి, చైర్‌పర్సన్. తెలివిలో ఉండగానే బూట్లు విప్పి నేలతో మాట్లాడానని ఏ ఆరోగ్యాధికారి మాత్రం రాసిస్తాడు? సంఘం పదకొండు రోజులు కూర్చుని ఏకగ్రీవంగా తేల్చింది. నివేదిక నేనే టైపు చేశాను. "మత్తు యథార్థమే. అనుభవించిన అధికారుల సాక్ష్యం తిరుగులేనిది. అందులో పదార్థం లేకపోవడం పూర్తిగా తయారీదారు లోపం." కనక సంతకాలు రద్దు. మిస్టర్ ప్రింగిల్ సభలో లేచి, తాను ప్రతిపక్షంలో ఉన్నా నివేదికను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నానన్నాడు.

గురువారం మధ్యాహ్నం పోలీసు కార్పొరల్ బ్రాడ్‌బర్ మిస్ ఐవరీన్ ఇంటికి వచ్చాడు. నివేదిక ప్రతి ఇవ్వడానికి నేనూ అక్కడే ఉన్నాను. ఆమె కొబ్బరి కోరుతోంది. అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. చిన్నప్పటినుంచీ ఆమె చేతి గిజాడాలు తిన్నవాడు.

"క్షమించాలి మిస్ ఐవరీన్. మీమీద కేసు పెట్టారు. సోమవారం కోర్టుకు రావాలి."

ఆమె కోరాము పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "ఏం దొరికిందట నాయనా?"

"ఏమీ దొరకలేదమ్మా. అదే కేసు."

మిస్ ఐవరీన్ అతని చేతిలోని కేసు కాగితం వైపు చూసింది.

"ఎంత దొరకలేదు?"

"పంపినవాటిల్లో అన్నిట్లోనూ దొరకలేదు."

"ఎంతవరకూ దొరక్కపోతే తప్పులేదట?"

కార్పొరల్ కాగితం అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.

"అది రాయలేదమ్మా" అన్నాడు.