వెయ్యేళ్ళ భద్రత, ఒక్క కాపీ

వెయ్యేళ్ళపాటు మన లైబ్రరీల్లోని విజ్ఞానానికి ఢోకా లేదని మంత్రిగారు ప్రకటించారు. వెయ్యేళ్ళని ఎలా లెక్కకట్టారని ఒక విలేకరి అడిగితే, "తొమ్మిది వందలంటే వినడానికి బాగుండదు కదా" అన్నారు. ఇంత దాపరికం లేని మనిషి మంత్రి కావడం మన అదృష్టం.

ఆ మాట టీవీలో విని యూనివర్సిటీ లైబ్రేరియన్ మేడమ్ నిజంగానే పొంగిపోయింది. పాపం, ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక మంత్రి నోట లైబ్రరీ అన్న మాట వినడం ఆవిడకి అదే మొదటిసారి.

ఆవిడ బాధ ఆవిడది. పూర్వం పరిశోధన పత్రికలు కాగితం మీద వచ్చేవి. బీరువాలో పెట్టి తాళం వేస్తే చెదపురుగులు తప్ప ఎవరూ వాటి జోలికి పోయేవాళ్ళు కాదు. ఇప్పుడన్నీ ఎలక్ట్రానిక్ జర్నల్సే. అవి కంపెనీవాడి కంప్యూటర్లో ఉంటాయి, మనం చందా కట్టి ఇక్కణ్ణుంచి చదువుకుంటాం. వాడు దుకాణం కట్టేస్తే ముప్ఫై ఏళ్ళ చదువు గాల్లో కలిసిపోతుంది. అందుకని మేడమ్ కంపెనీల దగ్గర అనుమతి తీసుకుని, మరో ఆరు కాలేజీల లైబ్రేరియన్లని బతిమాలి, ఏడు చోట్ల ఏడు పాత కంప్యూటర్లలో తలో కాపీ దాయించింది. ఒకచోట చెడిపోతే మిగతా ఆరింటినీ చూసి సరిచేసుకోవచ్చు. ఈ పనికి ప్రారంభోత్సవం జరగలేదు కనుక సంగతి ప్రభుత్వానికి తెలియలేదు.

తెలియగానే శాశ్వత విజ్ఞాన భద్రతా మిషన్ పుట్టింది. దానికో డైరెక్టరుగారు వచ్చారు. అంతకుముందు ఆయన గిడ్డంగుల శాఖలో కుర్చీలూ బల్లలూ లెక్కపెట్టి, పదకొండు వేల అదనపు కుర్చీలు పట్టుకున్న ఘనుడు.

"అసలీ జర్నల్ అంటే ఏమిటో చూపించండమ్మా," అన్నారాయన మొదటి మీటింగులో.

మేడమ్ ఒక వ్యాసం ప్రింటు తీసి ఇచ్చింది. ఆరు పేజీలు. పసిపిల్లలకి ఎక్కడో లక్షకొకరికి వచ్చే ఒక జ్వరం గురించి. ఆవిడ తమ్ముడు పిల్లల డాక్టరు, ఒకప్పుడు దాన్ని తెగ మెచ్చుకున్నాడని అదే తీసింది.

డైరెక్టరుగారు కాగితాలు అటూ ఇటూ తిప్పారు. "భేష్! వెనకంతా ఖాళీగా ఉంది," అని వన్ సైడ్ ట్రేలో పడేశారు. ఆ ఆఫీసులో పొదుపు ఎక్కువ. ఆఫీసు కాపీలన్నీ ఒకవైపు వాడేసిన కాగితాల వెనకే కొడతారు.

"ఇంతకీ ఏడుచోట్లా ఉన్నది ఒకటే సరుకా?"

"అవునండీ."

"అయితే ఒకటి అసలు. మిగతా ఆరూ ఏమిటి?"

"అవీ అసలేనండీ."

"ఒకే కుర్చీ ఏడు గదుల్లో ఉంటుందా అమ్మా?"

"ఒకటి పాడైతే..."

"పాడవకుండా చూసుకోవడాన్నే భద్రత అంటారు."

ఆ రోజే ఉత్తర్వు వెళ్ళింది. ఆరు కాలేజీలూ తమ దగ్గరున్న అదనపు సరుకు చెరిపేసి రిపోర్టు పంపాలి. ఒక బల్బు మార్చమంటే ఆర్నెల్లు తీసుకునే కాలేజీలు ఈ పని రెండ్రోజుల్లో ముగించాయి. మేడమ్ ఏడ్చింది, మొత్తుకుంది, నాలుగు లెటర్లు రాసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నాలుగింటికీ అందినట్టు రసీదులు మాత్రం వచ్చాయి.

ఇక ఆవిడ దగ్గరున్న ఏడో కంప్యూటరు. దాన్ని మిషన్ కొత్త భవనానికి మోసుకెళ్తుంటే మెట్ల మీద రెండుసార్లు పడింది. ఆ తర్వాత కదిపితే లోపల గలగలమంది. ఆ గలగలతో సహా దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, నిప్పు అంటుకోకుండా కరెంటు తీసేసి, లక్క సీలు వేశారు.

ఆ భవనం ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ జ్వరం వ్యాసం కావాలే. నాలుగేళ్ళ పాప. మందు తెలుసు, బరువుని బట్టి ఎంత ఇవ్వాలో అందులో టేబుల్ ఉంది. కాస్త ఎక్కువైనా ప్రాణానికే ముప్పు. రాసినాయన పోయాడట, కంపెనీ ఎత్తేశారు, సైటు లేదు. నీ దగ్గరుంటుందిగా?"

"ఎంత టైముందిరా?"

"సాయంత్రంలోగా మొదలెట్టాలి."

ఆవిడ పరుగున డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళింది.

"సీలు విప్పాలా? దానికి కమిటీ వెయ్యాలమ్మా."

"పసిపిల్ల ప్రాణం సార్!"

"పిల్లల కోసమేగా ఇదంతా! భావితరాలంటే ఎవరనుకున్నారు?"

ఇంత దూరదృష్టికి దగ్గరి మనుషులు ఆనకపోవడం సహజం. మేడమ్ బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది వన్ సైడ్ ట్రే.

ట్రే ఖాళీ. మేడమ్ ఫైళ్ళ మీద పడింది. చెరపమన్న ఉత్తర్వు వెనక మొదటి పేజీ కనిపించింది. సీలు వెయ్యమన్న ఉత్తర్వు వెనక రెండోది. అతిథుల జాబితా వెనక మూడోది. కుర్చీల వరస గీసిన బొమ్మ వెనక అయిదోది, టీ పురమాయించిన కాగితం వెనక ఆరోది. టేబుల్ ఉన్న నాలుగో పేజీ మాత్రం లేదు.

"అదా మేడమ్?" అన్నాడు గుమాస్తా. "పొద్దున మంత్రిగారు ఉపన్యాసం మార్చారు. కొత్త కాగితం అయిపోయింది. ఉన్నదాని మీదే కొట్టేశాను."

అప్పటికే మంత్రిగారు వేదిక మీద చదువుతున్నారు. కళ్ళజోడు పెట్టుకుంటే ఫొటోలో వయసు కనబడుతుందని కాగితాన్నే కింది అంచున, బొటనవేళ్ళు వెనకవైపుకి పెట్టి, మొహానికి దగ్గరగా ఎత్తిపట్టుకున్నారు. దాని వెనకవైపు జనానికేసి ఉంది. మొదటి వరస దాటి మేడమ్ వేదిక అంచుకి వెళ్ళి ఫోన్ తీసింది. టేబుల్లో వరసలన్నీ స్పష్టంగా ఉన్నాయి. పన్నెండు నుంచి పదిహేను కిలోలన్న చివరి వరస మీద మాత్రం మంత్రిగారి బొటనవేలు.

పాప బరువు పద్నాలుగు కిలోలు.

"సార్!" అని అరిచింది. "బొటనవేలు! బొటనవేలు సార్!"

ప్రజల నాడి తెలిసిన మనిషి. చదవడం ఆపి, కాగితం ఎడమచేత్తో అలాగే పట్టుకుని, కుడి బొటనవేలు పైకెత్తి చిరునవ్వు నవ్వారు. సభ దద్దరిల్లింది. మేడమ్ ఆరు ఫొటోలు తీసింది. ఒక్కటే సరిగ్గా వచ్చింది, అది చాలింది.

నాలుగో రోజుకి పాప లేచి కూర్చుని, సూది వేసిన నర్సుని నోటికొచ్చినట్టు తిట్టిందట. తమ్ముడు ఫోన్లో చెబుతుంటే మేడమ్ ఆఫీసులోనే వెక్కివెక్కి ఏడ్చింది.

వారం తిరక్కుండా డైరెక్టరుగారి ఉత్తర్వు వచ్చింది. మంత్రిగారి చారిత్రక ఉపన్యాస ప్రతిని రెండో అద్దాల పెట్టెలో సీలు వేసి భద్రపరిచారు. కనుక మేడమ్ ఫోన్లో ఉన్న దాని వెనకవైపు ఫొటో అదనపు సరుకు కిందికి వస్తుంది. వెంటనే చెరిపి రిపోర్టు పంపాలి.

మేడమ్ ఆ ఫొటోని ముందు ఆరు కాలేజీలకీ పంపించింది. తర్వాత, అలవాటు కొద్దీ, ఉత్తర్వుని తిరగేసి చూసింది.

కొత్త కాగితం వచ్చినట్టుంది. వెనక అంతా తెల్లగా ఉంది.