అబద్ధమాడిన కంప్యూటర్లు

పదింటికి మొదటి పేషెంటు వచ్చేలోగా ప్రోగ్రాం తెరిచి, అతని పంటి ఫోటో తెర మీద చూపించాలి. ఇంట్లో అందరూ పిట్ట అని పిలిచే ఆ అమ్మాయి ఆ ఉదయం అనుకున్నది అంతే. పళ్ళ డాక్టరైన వదిన కోసం ఆమె రాసిన మొదటి ప్రోగ్రాం అది. బాగా నడిస్తే తోటి డాక్టర్లకూ చెబుతానంది వదిన. నడవకపోతే మళ్ళీ రిజిస్టరే.

నిన్న క్లినిక్‌లోని కంప్యూటర్ మీద తెరిస్తే, "మీ సిస్టమ్ మరీ పాతది. కనీసం పదో వెర్షన్ కావాలి" అని చూపించి మూసుకుపోయింది. చివరి క్షణంలో, జాగ్రత్త కోసమని పిట్ట చేర్చిన తనిఖీ అది. వదిన మారుమాట్లాడకుండా ఆ కంప్యూటర్ని స్టోర్‌రూమ్‌లో పెట్టించి కొత్తది తెప్పించింది.

ఇప్పుడు కొత్తదాని మీదా అదే మాట.

"షాపతను మనకు పాతది అంటగట్టాడే," అంటూ వదిన ఫోన్ అందుకుంది.

"ఒక్క నిమిషం ఆగు వదినా."

"నీకు నోట్లో నాలుక లేదు. నేను మాట్లాడతాగా."

షాపతను ఇంకో పెట్టె మోసుకుంటూ పరుగున వచ్చాడు. అదీ పాతదేనంది ప్రోగ్రాం.

"సీలు మీ ముందేగా చించాను డాక్టరమ్మా."

"చించడం చూశాను. లోపల ఏం పెట్టారో చూళ్ళేదు."

"ఇరవై ఏళ్ళ షాపండీ నాది. ఒక్కరూ వేలెత్తి చూపలేదు."

"పోలీసులకు చెప్పండి," అన్నాడు ముందే వచ్చి కూర్చున్న పేషెంటు, దవడ పట్టుకుని, అతికష్టం మీద.

పిట్ట తలెత్తలేదు. సెట్టింగ్స్‌లో చూస్తే వెర్షన్ పదకొండు. తన ప్రోగ్రాం అడిగితే ఎనిమిది. ఒకే కంప్యూటర్ రెండు మాటలు చెబుతుంటే, తను అడిగే తీరులోనే తేడా ఉండాలి. ఇది తేల్చకుండా కుర్చీలోంచి లేవకూడదనుకుంది. పేజీ తర్వాత పేజీ చదివింది. పది కావడానికి రెండు నిమిషాలుండగా దొరికింది. కొత్త వెర్షన్లు తనకు తెలుసని ప్రోగ్రాం ముందుగా చెప్పుకోకపోతే, అది బెదిరిపోతుందేమోనని సిస్టమ్ పాత నంబరే చెబుతుందట.

ఆ ఒక్క మాటా రాసి మళ్ళీ తెరిచింది. పదకొండు. వెనకే పేషెంటు దంతం.

"అయితే తప్పు ఇతనిది కాదా?" అంది వదిన, గొంతు తగ్గించి.

"కాదు వదినా, నాది. నిన్నటిది కూడా ఒకసారి చూడాలి."

స్టోర్‌రూమ్‌లోది తెచ్చి పెట్టారు. పదో వెర్షనే. నిక్షేపంగా నడిచింది.

వదిన షాపతని వైపు తిరిగింది. అతను ఖాళీ పెట్టెల్ని కాలితో పక్కకు జరిపాడు. "సీలు చించినవి వెనక్కి తీసుకోనండీ."

వదిన మాట తప్పలేదు. ఆ మధ్యాహ్నమే ఇద్దరు డాక్టర్లకు ఫోన్ చేసి, మరదలు మంచి ప్రోగ్రాం రాసిందనీ, దాన్ని కొత్త కంప్యూటర్‌తో కలిపే అమ్ముతామనీ చెప్పింది.