ఏడుకి ఒకటి కలిపితే

ఆ సాయంత్రం కూతురు రాగియాని చూడటానికి పెళ్ళివారు వస్తున్నారు. నచ్చితే అందరూ కలిసి ఖురాన్‌లోని ఫాతిహా చదువుతారు, షర్బత్ తాగుతారు, సంబంధం ఖాయమవుతుంది. అందుకని అలెగ్జాండ్రియాలో లెక్కల మాస్టారు వగ్దీ పొద్దున్నే బాల్కనీలో నాలుగు బల్బులు కట్టాడు.

వంట ఎదురు మేడలో, చెల్లెలు ఇన్సాఫ్ ఇంట్లో. ఎందరు వచ్చారో ఆవిడకి తెలియాలి. టెలిఫోన్ కోసం రాగియా పుట్టినప్పుడు పెట్టిన దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది.

"ఒక్క కేక పెట్టరాదా అన్నయ్యా? వీధంతా చేసేది అదేగా!"

"మనం వీధిలో అందరిలాంటివాళ్ళం కాదు. చూడు, నీకు కుడిచివర బల్బు వెలిగితే ఒకటి. దాని పక్కది రెండు, ఆ పక్కది నాలుగు, ఎడమచివరది ఎనిమిది. వెలిగినవి కూడుకో. గాడిదకైనా అర్థమవుతుంది."

సాయంత్రం ఏడుగురు దిగారు. మాస్టారు ఒకటి, రెండు, నాలుగు బల్బులు వెలిగించాడు. బాతులు వేపుతున్న ఇన్సాఫ్ కిటికీ కాపలా మొగుడు షౌకీకి అప్పగించింది. పాఠం జరిగినప్పుడు షౌకీ నిద్రపోతున్నాడు.

కాసేపటికి ఎనిమిదో మనిషి, పెళ్ళికొడుకు మేనమామ, మక్కా వెళ్ళొచ్చిన హాజ్ బయ్యూమీ, మొహం గంటుపెట్టుకుని వచ్చి గుమ్మం పక్కనే కూర్చున్నాడు.

"ఎవరితోనూ కలవని మనుషులట. ఈ ఇంటి అల్లుడైతే మావాడు గడ్డకట్టిపోతాడు. నాకిష్టం లేదు."

రాగియా కళ్ళు దించుకుంది. మాస్టారు మాత్రం కర్తవ్యం మరవలేదు. ఏడుకి ఒకటి కలిస్తే ఎనిమిది. మూడు బల్బులూ ఆర్పి, ఎడమచివరది వెలిగించాడు.

"ఏమేవ్! మూడూ ఆరిపోయాయే!" షౌకీ అరిచాడు. "వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఎవడో ఒక్కడు మిగిలాడు, వాడూ ఆ చివర్నే కూర్చున్నాడు."

"మా అన్నయ్య వాళ్ళకి లెక్కలు చెప్పుంటాడు!" ఇన్సాఫ్ గరిటెతోనే మెట్లు దిగింది. "పిల్ల సంబంధం చెడిపోయిందర్రా!"

ఆ కేకకి ఇస్త్రీవాడు పెట్టె వదిలాడు. కాఫీ హోటల్లో డొమినో ఆట ఆగిపోయింది. ఆవిడతో కలిపి ఎనిమిది మంది ఏడుస్తూ పైకొచ్చారు.

గుమ్మం పక్కనున్న హాజ్ చేతులు పట్టుకుంది ఇన్సాఫ్. "పోయినవాళ్ళు పోనీ, నువ్వైనా ఉన్నావు నాయనా! మా పిల్ల బంగారం!"

సోఫాల్లోని ఏడుగురూ నోళ్ళు తెరిచారు.

"మా అమ్మ కళ్ళలో రోజూ మందు వేసేది ఈ పిల్లే హాజ్. అమ్మకేం చెప్పను?" ఇస్త్రీవాడు వెక్కాడు.

హాజ్ మీసాలు వణికాయి. "ఒక్క పిల్ల కోసం వీధి వీధంతా ఏడుస్తోందే! వీళ్ళు ఎవరితోనూ కలవరని చెప్పిన దద్దమ్మ ఎవడ్రా?"

ఫాతిహాకి అందరికంటే ముందు అరచేతులు చాచింది ఆయనే. రాగియా నవ్వేసింది. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ సంతోషంగా జగరూతల కూతలు పెట్టారు. వీధివాళ్ళంతా తమతోనే భోంచేయాలని హాజ్ పట్టుబట్టాడు.

"ఉండండి, నేనెళ్ళి మా ఆయనకి చెప్తా," అంది ఇన్సాఫ్.

"ఎందుకూ? ఎనిమిదీ ఎనిమిదీ పదహారు!" మాస్టారు హుషారుగా బాల్కనీలోకి నడిచాడు. పదహారంటే నాలుగో బల్బు కూడా ఆర్పి ఐదోది వెలిగించాలి. ఆర్పాడు. ఐదోది లేదు. వెతకడానికి లోపలికెళ్ళాడు.

ఎదురింట్లో షౌకీ ఆ చీకటిని చూసి, "అయ్యో, ఆ ఒక్కడూ పోయాడు," అని నిట్టూర్చి, మొదటి బాతుని ముందుకి లాక్కున్నాడు.